నాన్న ట్రంకు పెట్టెలో పందొమ్మిది కార్బొరేటర్లు

విజయనగరం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

వాళ్ల నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా కార్ల షెడ్డు నడిపిన మేస్త్రీ. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల మంచి పేరున్న మనిషి. రెండేళ్ల కిందట పోయారు. షెడ్డు స్థలం అద్దెది. సంక్రాంతిలోపు ఖాళీ చేయమని యజమాని చెప్పారు. సామాన్లు సర్దుతుంటే బెంచీ కింద ఒక ట్రంకు పెట్టె, అందులో పాత గుడ్డల్లో చుట్టిన 19 కార్బొరేటర్లు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగాలు, దొరికాయి. రెండింటిని పురికొసతో కలిపి కట్టి ఉంచారు. నాలుగింటికి గుడ్డ పేలికలు వేలాడుతున్నాయి, వాటిమీద బాల్ పెన్నుతో పేర్లు, బండి నంబర్లు. చిన్నాన్న వచ్చి చూసి, మొత్తం పెట్టెకు 12 వేలు ఇస్తానన్నారు. తుక్కు కొనేవాడు తూకానికి అడిగాడు. నాన్న దగ్గర పదహారేళ్లు పనిచేసిన శిష్యుడు మాత్రం, "అప్పుడే ఇచ్చేయకండి అక్కా, ఒక్కోటీ చూడాలి. అందులో రెండు నాకిస్తానని మేస్త్రీ అన్నారు" అన్నాడట. హైదరాబాదులో ఉన్న తమ్ముడేమో ఫోటోలు చూసి, ఇంటర్నెట్‌లో పెడితే లక్షలొస్తాయంటున్నాడు. "ఇనుప ముక్కల కోసం మీ చిన్నాన్నతో మాట తేడా వద్దమ్మా" అన్నది అమ్మ మాట. చివర ఆమె ఇలా రాశారు: "నాకు వీటి గురించి ఏమీ తెలీదు. ఎవరి మాట నమ్మాలో తెలీక టెన్షన్‌గా ఉంది. తక్కువకిచ్చేస్తే నాన్న కష్టాన్ని పారేసినట్టు, ఎక్కువకు ఆశపడితే చుట్టరికం పోగొట్టుకున్నట్టు. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ధర చెప్పినవాళ్లు ముగ్గురున్నారు: చిన్నాన్న, తుక్కు వ్యాపారి, తమ్ముడు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ పందొమ్మిదింటినీ చేతిలోకి తీసుకుని చూడలేదు. చూడాలి అన్నది ఆ శిష్యుడొక్కడే. మీ చిక్కంతా అక్కడే ఉందనిపిస్తోంది. పెట్టెలో ఏముందో తెలియకుండా ఎవరికివ్వాలని ఆలోచిస్తే ఏ నిర్ణయం తీసుకున్నా మనసులో పీకుతూనే ఉంటుంది. ముందు వస్తువు తేలనివ్వండి, మనుషుల సంగతి తర్వాత చూద్దాం.

అన్ని కార్బొరేటర్లు అక్కడికెలా చేరాయా అనుకుంటున్నారేమో. డీజిల్ చవగ్గా ఉన్న రోజుల్లో పెట్రోల్ అంబాసిడర్లకు, జీపులకు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేయించుకున్నవాళ్లు చాలామంది. టాక్సీలవాళ్లయితే మరీను. డీజిల్ ఇంజనుకు కార్బొరేటర్ అక్కర్లేదు. దింపిన కార్బొరేటర్‌ను బండివాళ్లు "నువ్వే ఉంచుకో మేస్త్రీ" అని వదిలేసేవారు. తుక్కుకు వేసిన షెడ్లే ఎక్కువ. మీ నాన్నగారు గుడ్డలో చుట్టి దాచారంటే అవి మళ్లీ ఎవరికో పనికొస్తాయని ఆయనకు తెలుసు.

ఇక అసలు పని. ముందు చేయకూడనిది చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పోయిన విలువ మళ్లీ రాదు. వాటిని తోమకండి. గరుకు కాగితం, వైరు బ్రష్షు, చింతపండు, నిమ్మ, యాసిడ్ ఏవీ వద్దు. శ్రీకాకుళంలో ఒకరింట్లో, అమ్మే ముందు శుభ్రంగా కనిపించాలని జీపు కార్బొరేటర్‌ను దీపపు కుందెను తోమినట్టు చింతపండు పెట్టి తోమేశారు. మూత స్క్రూ కింద ఉండే చిన్న ఇత్తడి రేకు తళతళలాడింది గానీ దానిమీది అంకెలు సగం అరిగిపోయాయి. ఆ అంకెలే దాని జాతకం. కొనేవాడు చూసేది మెరుపు కాదు, ఆ అంకెలు. పాత పళ్ల బ్రష్షుతో కాస్త కిరోసిన్ అద్ది మట్టి మాత్రం వదిలించండి, చాలు. ఆ పని ఆరుబయట చేయండి. పొయ్యి, దేవుడి దీపం దగ్గర్లో వద్దు. కొన్నింటి గిన్నెల్లో పాత పెట్రోలు ఉండొచ్చు.

తర్వాత ఒక నోటుబుక్కు తీసుకుని ఒక్కోదానికి ఒక పేజీ ఇవ్వండి. 1 నుంచి 19 దాకా నంబరు వేసి, చీటీ దారంతో కట్టండి. ఒకదాని స్క్రూ గానీ రేకు గానీ ఇంకోదానితో కలవకూడదు.

మీరు పంపిన ఫోటోల్లో పైన గుండ్రటి గంటలాంటి గోపురం, దానిమీద చిన్న మూత ఉన్నవి కనీసం ఏడున్నాయి. అవి ఎస్.యు. రకం. స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరుకు పొడి అక్షరాలవి. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు 1910లో పెట్టిన కంపెనీ. మన అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోల్ ఇంజనుకు వచ్చింది ఈ రకమే. గోపురాన్ని పట్టి ఉంచే స్క్రూల్లో ఒకదాని కిందో, ఫ్లోట్ గిన్నె, అంటే పెట్రోలు నిలిచే గిన్నె, దాని మూత స్క్రూ కిందో బొటనవేలి గోరంత రేకు ఉంటుంది. దానిమీద ఎ.యు.సి. లేదా ఎ.యు.డి. అని, పక్కన అంకెలు ఉంటాయి. ఏ కంపెనీ ఏ మోడల్ కారుకు దాన్ని తయారుచేశారో ఆ అంకెలను బట్టి తేల్చవచ్చు. రేకు ఉన్నదానికీ లేనిదానికీ ధరలో తేడా ఉంటుంది. కాబట్టి అన్ని స్క్రూల కిందా చూడండి, విప్పకుండా.

రేకు లేకపోతే కొలత ఉంది. లేత్ షాపులో వెర్నియర్ అని సన్నటి కొలతలు తీసే పనిముట్టు ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. ఇంజను వైపు నోటిలో తిరిగే గుండ్రటి పలక ఉంటుంది చూడండి, ఆ నోటి అడ్డుకొలత తీసుకోండి. సుమారు 31.75 మి.మీ. అంటే అంగుళంపావు వస్తే, అది ఎస్.యు.ల్లో హెచ్.ఎస్. అనే వరసదైతే హెచ్.ఎస్.2. 38 మి.మీ. అంటే అంగుళంన్నర వస్తే హెచ్.ఎస్.4. ఆ చివరి అంకెకు అర్థం సులువు: అంగుళం మీద అన్ని ఎనిమిదో వంతులు ఎక్కువ అని. రెండు ఎనిమిదో వంతులంటే పావు, నాలుగంటే అర.

ఇప్పుడు పురికొసతో కట్టిన ఆ రెండింటి సంగతి. ఆ పురికొస తెంపకండి. రెండూ ఒకే కొలతవై, లివర్లు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా ఉంటే, అవి ఒకే ఇంజనుకు పక్కపక్కన కూర్చునే జత. ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఎం.జి. మిడ్జెట్‌కు అలాంటి హెచ్.ఎస్.2 జత ఉండేది, ఎం.జి.బి.కి హెచ్.ఎస్.4 జత. అంబాసిడర్‌కు మామూలుగా ఒక్కటే ఉంటుంది. మీ నాన్నగారు మిగతావన్నీ విడివిడిగా గుడ్డల్లో చుట్టి, ఈ రెండింటినే కలిపి కట్టారంటే ఊరికే కట్టి ఉండరు. జతగా ఉంటే దానికో ధర, విడదీస్తే మిగిలినదాన్ని అడిగేవాడే ఉండడు. తమ్ముడు చెప్పే లక్షల మాట నేను నమ్మడం లేదు గానీ, పెట్టె మొత్తంలో ముందు శ్రద్ధగా తేల్చుకోవాల్సింది ఈ జతనే.

జీపులది అన్నారు ఒకటి. దాన్ని విడిగా పెట్టండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎం.బి. జీపులకు కార్టర్ కంపెనీ డబ్ల్యు.ఓ. రకం వచ్చేది, రేకు మీద 539 ఎస్ అని ఉంటుంది. పాత మిలిటరీ జీపును ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలనుకునేవాళ్లు దీనికోసం వెతుకుతారు. మీ దగ్గరున్నది అదేనని నేననడం లేదు. తర్వాతి జీపులకు వేరే కార్టర్లు, సోలెక్స్ అనే ఇంకో కంపెనీవి వచ్చాయి, అవి మామూలు ధరకే పోతాయి. అందుకే రేకు చూడమంటున్నాను.

ఫియట్‌వి, అంటే పద్మినివి, చాలావరకు సోలెక్స్ రకం అయి ఉంటాయి. గాలి పైనుంచి కిందికి దిగుతుంది, గోపురం ఉండదు. ఒంటిమీద పోతపోసిన పేరు, దాని ముందు 32 లాంటి అంకె ఉంటాయి. ఆ అంకె నోటి కొలత, మిల్లీమీటర్లలో. వీటి మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. మన దేశంలోనూ లైసెన్సు మీద తయారయ్యాయి, వీటి బదులు వాడే కొత్తవి కూడా అంగట్లో దొరుకుతాయి. కొత్తది దొరికే వస్తువుకు పాతది ఎంత మంచిదైనా ఆ కొత్త ధర దాటి పలకదు.

గుర్తింపు అయ్యాక స్థితి చూడాలి. ఇది మీరొక్కరే చేయకండి, ఆ శిష్యుణ్ని కూర్చోబెట్టండి. అయినా ఏం చూస్తున్నాడో మీకు అర్థం కావాలి కాబట్టి చెబుతాను. ఎస్.యు. నోట్లోంచి వేలు పెట్టి లోపలి పిస్టన్‌ను నెమ్మదిగా పైకెత్తి వదలాలి. అది తడబడకుండా దిగి, అడుగున 'టక్' మని తగలాలి. ఆ చప్పుడు విన్నాక మీ ముఖంలోనూ వెలుగొస్తుంది. మధ్యలో ఆగిపోతే లోపల మురికి ఉండొచ్చు, లేదా గోపురం సొట్టపడి ఉండొచ్చు. మురికి పోతుంది, సొట్ట పోదు. గోపురం, పిస్టన్ ఒకదానికొకటి సరిపడేలా చేసిన జోడీ. ఒకదాని గోపురం ఇంకోదానికి మార్చొద్దని శిష్యుడికి చెప్పక్కర్లేదు గానీ తమ్ముడికి చెప్పండి.

తర్వాత పలకను తిప్పే అడ్డు కడ్డీని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడాలి. తిరగాలి గానీ ఊగకూడదు. ఊగుతోందంటే కన్నాలు అరిగాయి, ఆ సందులోంచి గాలి దొంగతనంగా లోపలికి పోతుంది, బండి ఐడిలింగ్‌లో నిలబడదు. లేత్ మీద బుష్ వేయించి బాగుచేయవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గుతుంది. గిన్నెలో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకూడదు. అడుగు అంచును అద్దం మీద బోర్లించి చూస్తే, వంగిపోయి ఉంటే సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. ఇక తెల్లటి పొడి. మన తీరపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. అల్యూమినియం, జింకు పోతల మీద సున్నంలా పొడి లేస్తుంది. పైపైన ఉంటే ఫర్వాలేదు. గీరితే గుంట పడితే మాత్రం ఆ ఒళ్లు పోయినట్టే, లోపల పెట్రోలును కొలిచి వదిలే జెట్లు, నీడిల్, ఇంకా స్క్రూల కోసమే అది ఉపయోగం. షెడ్డు కప్పు కారేదని రాశారు కాబట్టి పెట్టె అడుగున ఉన్నవాటిని ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

ఇలా చూస్తే పందొమ్మిదీ మూడు కుప్పలవుతాయి: శుభ్రం చేసి, అతుకుల మధ్య వేసే గ్యాస్కెట్లు మారిస్తే బిగించుకోగలిగేవి, లేత్ పని పడేవి, విడిభాగాలకే పనికొచ్చేవి. ధర కట్టడం అప్పుడు కష్టం కాదు. తూకానికి వచ్చే డబ్బు అన్నిటికంటే కింది మెట్టు, దానికంటే తక్కువకు దేన్నీ ఇవ్వక్కర్లేదు. పై మెట్టు, పూర్తిగా బాగుచేసిన అలాంటిదే ఇంకొకటి ఎంతకు అమ్ముడుపోయిందో ఆ ధర. అమ్ముడుపోయిన ధర అంటున్నాను, ఎవరో ఆశపడి పెట్టిన ధర కాదు. తమ్ముడు చూసిన లక్షలు చాలావరకు ఈ రెండో రకం. పై మెట్టులోంచి రిపేరు కిట్టు ఖర్చు, లేత్ ఖర్చు, పనివాడి కూలి, కొనేవాడికి మిగలాల్సింది తీసేస్తే వచ్చేది న్యాయమైన ధర. ఎస్.యు.లకు ఒక అనుకూలం ఉంది: వాటి నీడిల్స్, జెట్లు, గ్యాస్కెట్లు ఇంగ్లండులో ఇప్పటికీ తయారవుతున్నాయి, కాబట్టి బాగుచేయించుకునేవాడు ధైర్యంగా కొంటాడు.

ఇప్పుడు మనుషుల దగ్గరకు వద్దాం.

చిన్నాన్న 12 వేలు అన్నారని ఆయన్ని మోసగాడిగా చూడకండి. ఆయనకూ తెలియకపోవచ్చు. పెట్టెను ఒక్క మాటతో ఎత్తుకెళ్లేవాడు, అమ్ముడుపోనివి కూడా మోస్తాడు కాబట్టి తగ్గించే అడుగుతాడు. నోటుబుక్కు పూర్తయ్యాక ఆయన ముందు పెట్టి, "చిన్నాన్నా, ఇవీ వివరాలు, ఇప్పుడు చెప్పు" అనండి. పెంచితే అందరికీ మంచిదే. మొత్తం ఆయనకే ఇస్తే మీకు వారంలో పని అయిపోతుంది, అమ్మకు మనశ్శాంతి, షెడ్డు ఖాళీ అవుతుంది. కొంత డబ్బు వదులుకుంటున్నారు, అది తెలిసే వదులుకుంటారు. తెలిసి ఇచ్చింది తర్వాత బాధించదు. జతను, జీపుదాన్ని పక్కకు తీసి మిగతావి ఆయనకివ్వడం ఇంకో దారి. అవి రెండూ ఇవ్వడం లేదని మొదటే చెప్పాలి, బేరం కుదిరాక తీస్తే తప్పుపడతారు. మీ నాన్నగారు వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఈ సామాను మీ అమ్మకు, మీకు, తమ్ముడికి, నాన్నగారి తల్లి ఉంటే ఆమెకూ సమానంగా వస్తుంది. చిన్నాన్నకు అందులో వాటా ఉండదు. షెడ్డులో ఆయన పెట్టుబడి ఉంటే మాత్రం ఆ లెక్క వేరే కూర్చుని చూసుకోవాలి.

విడివిడిగా అమ్మడం తమ్ముడి దారి. డబ్బు ఎక్కువే రావచ్చు, కానీ నెలలు పడుతుంది. ప్రతివాడి ఫోనుకూ జవాబు చెప్పాలి, ప్యాక్ చేయాలి, పంపాలి, "పనిచేయలేదు" అన్నవాడితో వాదించాలి. హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఫోటోలు పెడతాడు, పెట్టె మాత్రం మీ ఇంట్లో ఉంటుంది, కాబట్టి శ్రమ మీదే. ఈ దారి పడితే రేకు, నోటి కొలత, కడ్డీ ఊగేది లేనిది, పొడి పట్టిన చోటు అన్నీ ఫోటోల్లో చూపించండి. లోపం దాచకపోతే తర్వాత గొడవలుండవు. ఇంకో జాగ్రత్త: డబ్బు పంపుతున్నాను, ఈ క్యూ.ఆర్. కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ కొట్టే అవసరమే లేదు. మిలిటరీ ఆఫీసర్నని చెప్పుకుని ఇలా మోసం చేసేవాళ్లున్నారు.

మూడో దారి ఆ శిష్యుడు. ఉత్తరంలో అతని గురించి మీరు రెండే వాక్యాలు రాశారు, నాకు మాత్రం మనసు అక్కడే ఆగింది. బాగుచేయకుండా అమ్మే కార్బొరేటర్‌కు, బాగుచేసి అమ్మే కార్బొరేటర్‌కు మధ్య ఉన్న విలువ అతని చేతుల్లో ఉంది. అది మీ నాన్నగారు నేర్పిన పనే. ఒక్కోటి బాగుచేసి అమ్మితే ఖర్చులు పోను వచ్చినదాంట్లో ఇంత నీది, ఇంత మాది అని కాగితం మీద రాసుకోవచ్చు. ఆలస్యం అవుతుంది, అతనికి వేరే ఉద్యోగం ఉంటే ఆదివారాలే దొరుకుతాయి, అతని మీద మీకు నమ్మకం ఉండాలి. కానీ రెండు ఇస్తానన్న మాట సంగతి ముందు తేలాలి. ఏ రెండు అని అతన్నే అడగండి. నాన్న మాటకు సాక్ష్యం ఉండకపోవచ్చు. పదహారేళ్లు పక్కన నిలబడి పనిచేసిన మనిషి పందొమ్మిదిలో రెండు అడగడం నాకు అత్యాశగా అనిపించలేదు. ఆ పురికొస జతే కావాలంటే మాత్రం, ఇవ్వాలో వద్దో మీరు ముగ్గురూ కలిసి తేల్చుకోండి, ఎందుకంటే అది మిగతావాటితో సమానం కాదు.

ఈ మూడు దారులూ కలిపి కూడా నడవవచ్చు. మామూలువి చిన్నాన్నకు, లేత్ పనివి శిష్యుడికి, జత మీ దగ్గర కొన్నాళ్లు. సంక్రాంతికి ఖాళీ చేయాల్సింది షెడ్డును. పెట్టె ఒక్కటీ ఇంట్లో పొడిగా ఉన్న గదిలో పెట్టుకుంటే దానికి గడువేమీ లేదు. సిరిమాను పండక్కి తమ్ముడు వస్తాడని రాశారుగా, ఆ మర్నాడు అతన్ని, శిష్యుణ్ని కలిపి పెట్టె ముందు కూర్చోబెట్టండి. లక్షల మాట అన్నవాడు తన చేత్తో పిస్టన్ ఎత్తి చూస్తే, మీరు వాదించాల్సిన అవసరం ఉండదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. గుడ్డ పేలికలు కట్టిన ఆ నాలుగూ బహుశా అమ్మడానికి కావు. నాన్నగారు పేరు, నంబరు రాసి పెట్టారంటే వాటిని ఎవరో బాగుచేయడానికి ఇచ్చి ఉంటారు. రెండు నంబర్లు ఎ.పి. 35తో మొదలవుతున్నాయి, మీ జిల్లా బండ్లే. ఆ పేర్లు శిష్యుడికి చూపించండి, అతనికి మనుషులు గుర్తుండొచ్చు. దొరికితే ఫోన్ చేసి, "మీది మా నాన్న దగ్గర ఉండిపోయింది" అని చెప్పండి. వద్దు మీరే ఉంచుకోండి అన్నవి లెక్కలో కలపండి. కావాలన్నవాళ్లవి గుడ్డతో సహా ఇచ్చేయండి. మనుషులు దొరకనివి ఒక ఏడాది విడిగా ఉంచండి. కాబట్టి చిన్నాన్నతో మాట్లాడేటప్పుడు పందొమ్మిది అనకండి, ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్నవి పదిహేను.